దీపాలదిన్నె, విరిగిన పలక: అమరావతి శిల్పాల ఆధునిక చరిత్రలో సంరక్షణ భావన

వ్యాస సంగ్రహం

కృష్ణాతీరంలోని అమరావతి మహాచైత్యానికి చెందిన శిల్పాలు పందొమ్మిదో శతాబ్దిలో మచిలీపట్నం, మద్రాసు, కలకత్తా, లండన్ నగరాలకు చేరాయి. ఈ తరలింపును ‘దోపిడి’ అనో ‘సంరక్షణ’ అనో ఒక్క మాటతో తేల్చే ధోరణి మన రచనలలో తరచుగా కనిపిస్తుంది. రాయి నేడు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకంటె, అది ఏ స్థానం నుండి, ఏ ఆధారాలతో కదిలిందన్న ప్రశ్న మౌలికమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు భాషాచరిత్రలో సుప్రసిద్ధమైన ‘నాగబు’ పదచర్చను ఇందుకు నిదర్శనంగా తీసుకొని, నాగార్జునకొండ, చందవరం అనుభవాలతో సరిపోలుస్తుంది.

కీలక పదాలు: అమరావతి, దీపాలదిన్నె, నాగబు, కైఫీయతులు, శిల్పసంరక్షణ, స్థానజ్ఞానం.

1. ఉపోద్ఘాతం

తెలుగు భాషాచరిత్ర పాఠం మనలో చాలామందికి ‘నాగబు’ అన్న ఒక్క మాటతో మొదలవుతుంది. అమరావతి రాతిపలక మీద ఈ మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారనీ, ఆరో శతాబ్దినాటి కలమళ్ల శాసనం కంటె ఎంతో ముందటి తెలుగు రూపం ఇదనీ విద్యార్థి దశలోనే కంఠస్థం చేస్తాం. ‘నాగ’ శబ్దం మీద చేరిన ‘బు’ తరువాతి కాలపు ‘ంబు’, ‘ము’ ప్రత్యయాలకు పూర్వరూపమని వివరించుకొంటాం. అయితే ఆ పలక అసంపూర్ణమైనది. ‘బు’ తరువాత మరొక అక్షరం ఉండేదా అన్న సందేహం భాషాచరిత్రకారులలో ఉన్నది. అమరావతి ప్రాకృత శాసనాలలో ‘నాగ’ శబ్దంతోను ‘బుధి’ శబ్దంతోను ఏర్పడిన వ్యక్తినామాలు తరచుగా కనిపిస్తాయి. కాబట్టి ‘నాగబు’ ఒక పేరులోని మొదటి భాగం మాత్రమే కావచ్చునన్న వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం.

ఈ సందేహాన్ని వ్యాకరణం ఒక్కటే తీర్చలేదు. పలక అంచు ఎక్కడ విరిగింది, దాని పక్కన నిలిచిన రాయి ఏది, అది ప్రాకారంలో ఏ దిక్కున ఉండేది అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే తప్ప ఆ అక్షరాల తుది పఠనం సాధ్యం కాదు. ఆ సమాధానాలను మనకు దూరం చేసినది కాలం మాత్రమే కాదు. స్తూపానికి ఆధునిక యుగంలో జరిగిన తవ్వకాలు, వాటి వెంట నడిచిన తరలింపులు కూడా అందుకు కారణాలు. కనుక శిల్పసంరక్షణ చరిత్ర పురావస్తుశాఖకే పరిమితమైన విషయం కాదు. తెలుగు సాహిత్య పరిశోధకులకు అది మూలపాఠానికి సంబంధించిన సమస్య. తాళపత్రప్రతిలో ఆకుల వరుస తప్పితే కావ్యపాఠం ఎలా చెడుతుందో, పలకల వరుస తప్పితే స్తూపం చెప్పే పాఠం కూడా అలాగే చెడుతుంది. ఈ దృష్టితో అమరావతి శిల్పాల ఆధునిక చరిత్రను సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక కట్టడం, నాలుగు పేర్లు

ఈ కట్టడానికి కాలానుగుణంగా వచ్చిన పేర్లను వరుసగా పరిశీలిస్తే దానితో మనుషులకున్న సంబంధం మారిన తీరు తెలుస్తుంది. అక్కడి ప్రాకృత శాసనాలలో దాని పేరు ‘మహాచేతియ’. దానం చేసినవారు తాము ఇచ్చిన రాతి అవయవాన్ని కూడా పేరుపెట్టి చెప్పారు. ప్రాకారపు అడ్డుకమ్మీ ‘సూచి’, పైకప్పు దూలం ‘ఉణిస’, పూర్ణకుంభం చెక్కిన పలక ‘పుణఘటకపట’. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘట పలకను దానం చేశాడని ఒక శాసనం తెలుపుతున్నది. ఇక్కడ రాయి, దాత, కుటుంబం, కట్టడంలో ఆ రాతి పాత్ర ఇవన్నీ ఒకే వాక్యంలో ముడిపడి ఉన్నాయి.

రెండో పేరు ‘దీపాలదిన్నె’. బౌద్ధం క్షీణించిన తరువాత మట్టిలో కూరుకుపోయిన కట్టడాన్ని స్థానికులు పిలుచుకొన్న పేరు ఇది. అమరేశ్వరాలయంలోని 1182 నాటి శాసనం కోట వంశపు కేతరాజు బుద్ధదేవునికి చేసిన గ్రామదానాలను, దీపదానాన్ని ప్రస్తావిస్తున్నది. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం 1344 నాటికి కూడా ధాన్యకటకంలో ఒక సింహళ స్థవిరుడు ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించినట్లు చెబుతున్నది. ఊరివారి నోట నిలిచిన పేరుకు ఈ దీపాలే మూలమని నిర్ధారించే ఆధారం లేదు. అయినా శైవక్షేత్రంలోని స్తంభం మీద బుద్ధునికి వెలిగించిన దీపం లిఖితమై ఉండగా, ఆ దిబ్బ పేరులో దీపం నిలిచి ఉండడం గమనింపదగినది. ఆధునికుల రాకకు ముందు ఈ స్థలాన్ని ఎవరూ ఎరుగరన్న అభిప్రాయం సరికాదని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

మూడో పేరు ‘అమరావతి టోప్’. ఇది సర్వే అధికారుల, తవ్వకపు నివేదికల పేరు. నాలుగోది ‘ఎలియట్ మార్బుల్స్’. ఇందులో ఊరు లేదు, చైత్యం లేదు, దాత లేడు. తవ్వించిన అధికారి ఉన్నాడు. పైగా ఆ రాయి పాలరాయి కూడా కాదు, పలనాటి సున్నపురాయి. పార్థెనాన్ నుండి తెచ్చిన శిల్పాలను ‘ఎల్గిన్ మార్బుల్స్’ పేరుతో బ్రిటిష్ పార్లమెంటు కొనుగోలు చేసినది 1816లో. ఆ పేరు ఇచ్చిన అచ్చులోనే కృష్ణాతీరపు సున్నపురాయి పాలరాయిగా మారింది. రక్షకుని పేరు రక్షితవస్తువు పేరును కప్పివేయడం ఈ చరిత్రలో మొదటి నష్టం.

3. తవ్వకాలు, తరలింపులు

పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి నుండి తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త పట్టణానికి రాయి కావలసివచ్చింది. దీపాలదిన్నెను తవ్వగా దొరికిన పలకలు కట్టడాలలోకి, శివగంగ చెరువు మెట్లలోకి చేరాయి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయాయి. 1797లో అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ ఈ తవ్వకాన్ని చూశాడు. 1816లో సర్వే బృందంతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉన్నది.

ఈ దశను ‘స్థానికుల విధ్వంసం’ అని తీర్మానించి ముందుకు పోవడం వలస పాలనాకాలపు రచనలలో పరిపాటి. జమీందారు చేసినది విధ్వంసమేనన్నది నిజం. దానిని జాత్యభిమానంతో కప్పిపుచ్చడం పరిశోధకుని పని కాదు. అయితే పాత కట్టడపు రాతిని కొత్త కట్టడానికి వాడుకోవడం ఆ కాలంలో ఒక్క అమరావతికే పరిమితమైన ఆచారం కాదు. అంతకంటె గమనించవలసినది దాని తరువాత జరిగినది. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి స్తూపం పలకలను కొత్త బజారుకు అలంకారంగా నిలిపించాడు. చెరువు మెట్లకు వాడినవాడు విధ్వంసకుడైతే, బజారు అలంకారానికి వాడినవాడు ఏ కోవకు చెందుతాడన్న ప్రశ్నను ఆ నివేదికలు అంత స్పష్టంగా వేసుకోలేదు.

మెకంజీ చేసిన పనిలో రెండు అంశాలను వేరుచేయాలి. కొన్ని పలకలను ఆయన బయటికి పంపించాడు, ఇది తరలింపు. 1816 మొదలుకొని ఆయన బృందం శిల్పాలను, దిబ్బ ప్రణాళికను జాగ్రత్తగా చిత్రించింది, ఇది నమోదు. 80కి పైగా ఉన్న ఆ చిత్రాలు నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చిత్రంలో ఉండి, రాయి నేడు ఎక్కడా కనిపించని పలకలు వాటిలో ఉన్నాయి. ఆ పలకల విషయంలో గీసిన గీతే మిగిలిన శిల్పం. మెకంజీని ప్రశంసించవలసి వస్తే ఈ రెండో పనికే ప్రశంసించాలి.

1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి చాలా కాలం ఆరుబయట ఉన్నాయి. 1859లో వాటిని ఓడలో లండనుకు పంపారు. అప్పటికి కంపెనీ పాలన ముగిసి, వాటిని అందుకోవలసిన ఇండియా మ్యూజియమే స్థిరమైన చోటు లేని స్థితిలో పడింది. రేవు గోదాములో కొంతకాలం పడి ఉన్న తరువాత, 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని ఫైఫ్ హౌస్ గుర్రపుబండ్ల సావిడిలో గుర్తించాడు. మరుసటి సంవత్సరమే సాంచీ, అమరావతి శిల్పాల మీద బృహద్గ్రంథం ప్రకటించాడు. 1880లో శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి బదిలీ అయ్యాయి. వాటికోసం ప్రత్యేకంగా ఏర్పరచిన ప్రదర్శనశాల 1992లో తెరుచుకొన్నది. ‘ఇక్కడ ఉంటే పాడైపోయేవి, అక్కడ భద్రంగా ఉన్నాయి’ అన్న వాదాన్ని ఈ కాలక్రమంతో పక్కపక్కన పెట్టి చదవాలి. మద్రాసు ఆరుబయలుకు, లండన్ సావిడికి నడుమ రక్షణ అన్న మాటకు పెద్ద అర్థమేమీ లేదు. ఎలియట్ తవ్వకానికి పలకల స్థానాలను వివరించే సమగ్ర నివేదిక లేకపోవడం అన్నిటికంటె పెద్ద లోటు. రాళ్లు మిగిలాయి, వాటి వరుస మిగలలేదు.

4. స్థానంలోనే ఉంచాలన్న వాదం

1877లో రాబర్ట్ సెవెల్ దిబ్బలో ఒక భాగాన్ని తవ్వి, బయటపడ్డ రాళ్లను గుర్తిస్తూ నివేదిక రాశాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆదేశంతో స్థలమంతా తవ్వివేశారు. ఆ మరుసటి సంవత్సరం చివర పురావస్తు సర్వే తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చేనాటికి అక్కడ మిగిలినది పెద్ద గొయ్యి, దాని చుట్టూ రాళ్లు. వాటిలో మేలైన వాటిని ఎంచి మద్రాసుకు పంపాలని బర్జెస్ నిర్ణయించాడు. అదే సమయంలో ప్రాచీన కట్టడాల సంరక్షకుడుగా నియమితుడైన హెచ్. హెచ్. కోల్ దీనిని వ్యతిరేకించాడు. శిల్పాలు పుట్టిన చోటే ఉండాలన్నది కోల్ వాదం. అక్కడ వాటికి కాపలా లేదన్నది బర్జెస్ సమాధానం. చివరకు నెగ్గినది బర్జెస్ నిర్ణయమే.

ఈ వివాదాన్ని ఇద్దరు ఆంగ్ల అధికారుల అభిప్రాయభేదంగా చదివితే దాని ప్రాధాన్యం బోధపడదు. స్వస్థానసంరక్షణ అన్న సూత్రం 1880ల నాటికే మన దేశంలో స్పష్టంగా ప్రతిపాదితమైనదని ఇది నిరూపిస్తున్నది. అనగా నాటి తరలింపును ‘ఆ కాలానికి అంతకుమించి తెలియదు’ అన్న మాటతో సమర్థించడం సాధ్యం కాదు. మరొక మార్గం వారికి తెలుసు, దానిని కాదన్నారు. అయితే బర్జెస్ చెప్పిన కారణంలో ఒక చేదునిజం ఉన్నది. కాపలా లేని స్థలంలో రాయి నిలవదు. సున్నపుబట్టీ అప్పటికి జ్ఞాపకం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. కాబట్టి సరైన ప్రశ్న ‘ఉంచాలా, తీయాలా’ అన్నది కాదు. తీయక తప్పనప్పుడు రాతితో పాటు ఇంకేమి తీసుకుపోవాలన్నదే అసలు ప్రశ్న. మద్రాసు మ్యూజియంలో పలకలను గోడలలో సిమెంటుతో బిగించినప్పుడు ఈ ప్రశ్న మరింత స్పష్టమైంది. గోడలోకి పోయిన పలక వెనుకభాగం, అంచులు పరీక్షకు అందవు. ‘నాగబు’ వంటి సందర్భంలో పరిశోధకునికి కావలసినది సరిగ్గా ఆ అంచే.

5. నాగార్జునకొండ, చందవరం

ఈ ప్రశ్నకు స్వతంత్ర భారతదేశం రెండు వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. మొదటిది నాగార్జునకొండ. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరగడంతో ఇక్ష్వాకుల విజయపురి ముంపు ఖాయమైంది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుండి 1960 వరకు లోయంతటా తవ్వకాలు జరిగాయి. ఎంచిన కట్టడాలను కొండమీద, అనుపులో తిరిగి నిర్మించారు. అమరావతి కంటె ఇక్కడి తరలింపు పెద్దది. లోయ మొత్తం నీటికింద పోయింది. అయినా ఏ విహారం ఎక్కడ ఉండేదో, ఏ మండపానికి ఏ శాసనం చెందుతుందో నేడు చెప్పగలుగుతున్నాం. స్థలం పోయినా స్థానజ్ఞానం మిగిలింది. అమరావతిలో స్థలం నేటికీ ఉన్నది. స్థానజ్ఞానంలో అధికభాగం పోయింది. ఈ వ్యత్యాసం గ్రహిస్తే తరలింపు ఒక్కటే నష్టానికి కారణం కాదని తేటతెల్లమవుతుంది. నాగార్జునకొండ నిర్వాసిత గ్రామాల కథ వేరుగా చెప్పుకోవలసినది. శిల్పానికి దొరికిన పునర్నిర్మాణం మనుషులకు ఏ మేరకు దొరికిందన్న ప్రశ్నను ఆ పరిశోధన విస్మరించరాదు.

రెండోది చందవరం. గుండ్లకమ్మ తీరంలోని ఈ బౌద్ధక్షేత్రం 1970లలో తవ్వకాలతో వెలుగుచూసింది. అమరావతి శైలికి చెందిన అక్కడి సున్నపురాతి ఫలకం ఒకటి దొంగతనానికి గురై, చేతులు మారి, 2005లో న్యూయార్కు విపణి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. బుద్ధుని ఆరాధకులను చూపే ఆ ఫలకం 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది. దాని మూలస్థానాన్ని నిరూపించడంలో ప్రధానసాక్ష్యం ఛాయాచిత్రం. 1958 నాటి కట్టడాల చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం అన్నీ అమలులో ఉండగానే రాయి దేశం దాటింది. చట్టం దానిని ఆపలేకపోయింది. చిత్రం దానిని వెనుకకు రప్పించింది.

చట్టాలు నిష్ప్రయోజనమని దీని భావం కాదు. చట్టం పనిచేయడానికి కావలసిన పునాది నమోదు. ఏది మనదో చెప్పగలిగినప్పుడే దాని మీద హక్కు చెప్పగలం. మెకంజీ బృందం గీసిన చిత్రమూ, చందవరం ఛాయాచిత్రమూ రెండు శతాబ్దాల ఎడంలో ఒకే ధర్మాన్ని నిర్వర్తించాయి.

6. తెలుగు పరిశోధనకు సంబంధించిన బాధ్యత

నమోదు అనగానే అది పురావస్తుశాఖ పని అని మనం పక్కకు తప్పుకొంటాం. అమరావతి విషయంలో అలా తప్పుకొనే వీలు లేదు. మెకంజీ సేకరణకు కళ్లు, చెవులు అయినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఆ సేకరణలో భాగమైన కైఫీయతులు ఊరూరా కరణాలు, పెద్దలు చెప్పిన వృత్తాంతాలకు తెలుగు అక్షరరూపం. తరువాత సి. పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. శిల్పం గురించిన చిత్రాలు లండనులో, ఊరి గురించిన మాటలు మన భాండాగారాలలో ఉన్నాయి. ఒకే సర్వేలో పుట్టిన ఈ రెండు ఆధారాలను కళాచరిత్రకారులు ఒకవైపు, తెలుగు పరిశోధకులు మరొకవైపు విడివిడిగా చదువుతూ వచ్చారు. గుంటూరు ప్రాంతపు కైఫీయతులలోని ఊళ్ల, చెరువుల, గుడుల వివరాలను మెకంజీ ప్రణాళికలతో సరిపోల్చితే ఏయే కట్టడాలలోకి పలకలు చేరి ఉండవచ్చునో వెదకడానికి ఒక దారి ఏర్పడుతుంది. ఆ పని చేయగలవాడు పాత కరణాల తెలుగును చదవగలవాడే.

సృజనాత్మక సాహిత్యం తన వంతు చేసింది. అడివి బాపిరాజు ‘హిమబిందు’లో శాతవాహన యుగాన్ని, ‘అడవి శాంతిశ్రీ’లో ఇక్ష్వాకు యుగాన్ని నవలాలోకంగా నిలిపాడు. స్వయంగా చిత్రకారుడైన బాపిరాజు చెదిరిన శిల్పలోకాన్ని కల్పనలో అఖండం చేశాడు. ఆ నవలల కథాకాలం ప్రాచీనం కనుక శిల్పాల ఆధునిక దుఃస్థితి వాటిలో కనిపించకపోవడం లోపం కాదు. లోపం మన విమర్శలో ఉన్నది. ఆ నవలలను వైభవకీర్తనగా చదివి తృప్తిపడ్డాం. అవి రాసిన కాలానికి ఆ శిల్పాలు మద్రాసులో, లండనులో ముక్కలై ఉన్నాయన్న ఎరుకతో చదివితే, ఆ అఖండత్వం వెనుక ఉన్న వియోగం కూడా పాఠకునికి అందుతుంది.

1942లో మద్రాసు మ్యూజియం శిల్పాలకు సి. శివరామమూర్తి వెలువరించిన ఆంగ్ల వివరణగ్రంథం శిల్పాన్ని సాహిత్యంతో కలిపి చదివే పద్ధతికి ఆదర్శం. ఆభరణాలను, వేషభూషలను, వస్తుసామగ్రిని కావ్యాల ఆధారంతో గుర్తించడం ఆ గ్రంథపు బలం. ఆ పద్ధతికి తెలుగులో కొనసాగింపు అవసరం. దాతలు వాడిన ‘సూచి’, ‘ఉణిస’, ‘పుణఘటకపట’ వంటి మాటలతో మొదలై, స్థపతుల నోట నేటికీ వినిపించే పరిభాష దాకా సాగే శిల్పపదకోశం ఒకటి సిద్ధమైతే, మన విద్యార్థి శిల్పాన్ని ‘అద్భుతం’ అన్న ఒక్క విశేషణంతో దాటిపోకుండా అవయవాలుగా చదవడం నేర్చుకొంటాడు.

7. ముగింపు

లండనులోని అమరావతి శిల్పాలు తిరిగి రావాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ఆ సంస్థ తన సేకరణను వదులుకొనే అవకాశాన్ని చాలా పరిమితం చేసిందని తెలిసి కూడా ఆ ప్రశ్నను అడుగుతూనే ఉండాలి. అయితే రేపు అవి వచ్చినా, ఏ పలక పక్కన ఏ పలక నిలపాలో చెప్పగలిగే జ్ఞానం మన దగ్గర లేకపోతే, లండన్ గోడ మీద ఉన్న రాయి మన గోడ మీదికి మారుతుంది, అంతే. తిరిగి రావలసినది రాయితో పాటు దాని స్థానం కూడా.

‘నాగబు’ తెలుగు మాటే అయితే అది మన గర్వానికి ఆధారం. ఒక ప్రాకృతనామంలోని ముక్క అయితే అది మన అజాగ్రత్తకు సాక్ష్యం. రెంటిలో ఏదైనా, ఆ మాటను పాఠం చెప్పేటప్పుడు పలక విరిగి ఉన్నదని కూడా చెప్పవలసిన బాధ్యత మనది. పోటీపరీక్షకు ఒక్క పంక్తి సమాధానంగా మిగిలిన ఈ పదాన్ని, పలక ఎలా విరిగింది, పక్కముక్క ఏమైంది అన్న ప్రశ్నలతో కలిపి తరగతిలోకి తీసుకురావాలి. దీపాలదిన్నె సంరక్షణలో తెలుగు శాఖల వంతు అక్కడినుండి మొదలవుతుంది.